గడ్డికి స్లాబు ఇల్లు

ఆఫీసంటే గడ్డి తినే చోటని లోకం అనుకుంటుంది. మా ఆఫీసులో మాత్రం గడ్డి ఎండబెడతాం. తినడానికి వీల్లేదు, రూలు ఒప్పుకోదు.

మా సంస్థ పేరు తీరప్రాంత శుష్కతృణ గృహాలంకరణ మండలి. శుష్కతృణమంటే ఎండుగడ్డే. కానీ ఎండుగడ్డికి ఒక మండలి కావాలని అడిగితే పైవాళ్ళు నవ్వుతారు, శుష్కతృణానికి కావాలంటే బడ్జెట్టు ఇస్తారు. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. పేరు దాలినాయుడు.

మండలి పుట్టుకకి కారణం ఒక తుమ్ము. మా డైరెక్టర్ త్రివిక్రమరావు గారు ఎవరిదో పెళ్ళి విందుకి పెద్ద హోటలుకి వెళ్ళారు. అక్కడ మెట్ల పక్కన నిలువెత్తు కూజాలో తెల్లటి కుచ్చులు పెట్టి ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా వధూవరుల్ని వదిలేసి వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. ఇవేమిటని అడిగితే విదేశాల నుంచి తెప్పించామన్నారు హోటలు వాళ్ళు. డైరెక్టర్ గారు దగ్గరికి వెళ్ళి చూశారు, ముట్టుకున్నారు, తుమ్మారు. తుమ్మగానే ఆయనకి తెలిసిపోయింది. చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున రెల్లు పొదల్లో ఆడుకుంటే వచ్చిన తుమ్మూ ఇదీ ఒకటే. మన ఇసుక దిబ్బల మీద అడిగేవాడు లేక పెరిగే రెల్లుకీ, ఈ హోటల్లో దొరసానిలా నిలబడ్డ గడ్డికీ తేడా కూజా ఒక్కటే. ఆయన పాయసం కూడా తాగకుండా ఇంటికొచ్చి ప్రతిపాదన రాశారు.

పని మొదలైంది. రెల్లు వెన్ను పూర్తిగా విచ్చుకోక ముందే కోయాలి, పిడికెడేసి కట్టలు కట్టాలి, చీకటి గదిలో తలకిందులుగా వేలాడదీయాలి. ఆఖరున కుచ్చు రాలిపోకుండా, ఆడవాళ్ళు జుట్టు చెదరకుండా కొట్టుకునే స్ప్రే దాని మీద కొట్టాలి. చీకటి గదంటే మాకు రికార్డు రూము ఉంది. అది నిండిపోయాక మిగిలిన గదుల కిటికీలు మూసేసి ఫ్యాన్ల రెక్కలకి కట్టలు వేలాడదీశాం. ఫ్యాన్లు వేస్తే కుచ్చులు ఎగిరిపోతాయి కాబట్టి స్విచ్చుల మీద కాగితాలు అతికించాం. ఆ వేసవంతా గడ్డి ఎండింది, మేం తడిశాం. టీలో నూగు, ఫైళ్ళలో నూగు, మా కనుబొమల మీద నూగు. ఆఫీసుకి పనిమీద వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి, ఈ ఆఫీసులో అందరూ ముసలాళ్ళే ఉన్నారేమిటని అడిగేవారు.

ఆడిట్ వాళ్ళు ఒక అభ్యంతరం రాశారు. 'మండలిలో మహిళా ఉద్యోగులెవరూ లేరు. డైరెక్టర్ గారికి శిరోజములు లేవు. కాగా జుట్టునకు వాడు ద్రవమును పీపాలతో కొనుగోలు చేయుట ఎవరి నిమిత్తమో తెలుపవలెను.' దానికి జవాబు రాయడం నా వల్ల కాలేదు. ఫైలు అలా పెండింగులో ఉండిపోయింది.

తీరంలోని ప్రతి ఇంటికీ ఒక కూజా, కూజాలో ఒక గుత్తి రెల్లు. ఇదీ మా లక్ష్యం. జనం కూజా తీసుకుని అందులో మంచినీళ్ళు పోసుకున్నారు, గడ్డి గేదెకి వేశారు. స్ప్రే కొట్టిన గడ్డిని గేదెలు ముట్టలేదు. పశువుల్లో సౌందర్యదృష్టి లోపించిందని డైరెక్టర్ గారు ఫైల్లో బాధపడ్డారు. ఆ బాధలోంచే ఒక ఉత్తర్వు పుట్టింది. ఇకమీదట తీరంలో మొలిచిన రెల్లంతా అలంకరణ వనరు. అలంకరణకి తప్ప వేరే దేనికీ కోయరాదు. దిబ్బల దగ్గర గార్డుని కూడా పెట్టారు.

అప్పుడొచ్చింది అసిరమ్మ.

దిబ్బలపాలెంలో ఎండుచేపలు అమ్ముకునే ఒంటి మనిషి. మగడు పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. మధ్యాహ్నం పూట తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. ఆవిడ కన్నా ముందు ఆవిడ గంపలోని చేపల వాసన వచ్చి కూర్చుంది.

"నా కొడవలి నాకిచ్చీండి బావూ, ఎలిపోతాను."

"ఏ కొడవలమ్మా?"

"దిబ్బలకాడ మీ గార్డు లాగీసుకున్నాడు. ఇల్లు కప్పుకుందారని నాలుగు మోపులు రెల్లు కోత్తంటే దొంగతనం అన్నాడు. మా అత్త కోసింది, మాయమ్మ కోసింది. నాను కోత్తే దొంగతనం ఎలగవుద్ది?"

కొడవలి బీరువాలోనే ఉంది, చీటీ కట్టి. నేను ఉత్తర్వు చదివి వినిపించాను. రెల్లు ఇంట్లో పెట్టుకోవచ్చుగానీ ఇంటి మీద పెట్టుకోకూడదని అర్థమయ్యేలా చెప్పాను.

"వోన ఇంటి మీద పడతాది గానీ కూజాలో పడతాదేటి బావూ?"

ఆవిడ ఇంటి పడమటి వైపు కప్పు నిరుటి గాలివానకే లేచిపోయిందట. వాసాల మీద పాత వల, వల మీద తాటాకులు, తాటాకుల మీద రాళ్ళు పెట్టుకుని కాలక్షేపం చేసింది. ఈ ఏడు కప్పకపోతే వానాకాలం గడవదు.

"పక్కా ఇంటికి పెట్టుకోలేదా?" అన్నాను.

"పెట్టినాను. నీకు ఇల్లుంది గదా అని కొట్టీసినారు. ఇల్లుంది బావూ, కప్పే నేదు అని సెప్పినాను. కప్పుకి యేరే పథకం నేదన్నారు."

నాకు జాలేసింది. జాలిపడ్డ గుమాస్తా చేయగలిగింది ఒక్కటే, ఫైలుకి దారి చూపించడం. రూలు మళ్ళీ చదివాను. గృహమునందు అలంకరణకు అనుమతించవచ్చును అని ఉంది. గృహంలో ఎక్కడ అన్నది లేదు. నేల మీద పెట్టొచ్చు, గోడకి తగిలించొచ్చు. అంతకన్నా పైన పరచకూడదని ఎవరూ రాయలేదు. వెంటనే ఆవిడ తరఫున అర్జీ రాశాను. విషయం: గృహోపరితల శుష్కతృణాలంకరణకు అనుమతి కోరుట గురించి.

వేలిముద్ర వేస్తూ అడిగింది, "ఏటి రాసినావు బావూ?"

"నీ ఇంటికి అలంకారం చేసుకుంటానని."

పళ్ళన్నీ కనపడేలా నవ్వింది. "నాకే నేదు అలంకారం, నా కొంపకేటి!" అంది.

ఫైలు డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన గంట కొట్టలేదు, తానే లేచి నా బల్ల దగ్గరికి వచ్చారు. నా సర్వీసులో అలా జరగడం అదే మొదలు.

"దాలినాయుడూ! పట్నంలో విద్యావంతుల ఇళ్ళల్లో పిడికెడు తృణం పెట్టించడానికి మనం ఎన్ని అవగాహన సదస్సులు నిర్వహించాం? ఇక్కడ ఒక సామాన్య మత్స్యకార మహిళ తన నివాసాన్ని ఆమూలాగ్రం తృణమయం చేసుకుంటానని స్వచ్ఛందంగా ముందుకొస్తోంది. ఇది నిశ్శబ్ద సౌందర్య విప్లవం కాదా?"

"అవును సార్," అన్నాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మాటల్లో నాకు ఎక్కువ అన్నం పెట్టింది ఇదే.

అనుమతి వచ్చింది, కొడవలి బయటికొచ్చింది. వీధి వీధంతా సాయం పట్టారు. ఒకరు తాళ్ళు పేనారు, ఒకరు మోపులు అందించారు, అసిరమ్మ నడుముకి చీర బిగించి తానే నిచ్చెనెక్కింది. తనిఖీ వంకన నేనూ వెళ్ళాను. కొత్త రెల్లు వాసన, చూరంతా తెల్లటి వెన్నులు, లోపల చల్లగా నీడ. వేయించిన ఎండుచేప, చద్దన్నం పెట్టింది. ఇంటికప్పు కేసి అలా చూస్తూ, "ఇంక వోనని రమ్మను బావూ," అంది. నాకూ ఎంతో తృప్తిగా అనిపించింది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ కథ లేదు, కానీ ప్రభుత్వం మంచి పనిని అలా వదిలిపెట్టదు.

రాష్ట్రంలో ఏ ఇంట్లో ఎంత అలంకరణ ఉందో లెక్క తీస్తే మిగతా ఇళ్ళల్లో గుప్పెడేసి ఉంది, అసిరమ్మ ఇంట్లో బండెడుంది. ఆవిడకి తీర గృహాలంకరణ శిరోమణి అని బిరుదు ఇచ్చారు. డైరెక్టర్ గారు స్వయంగా వచ్చి గుమ్మానికి కట్టిన రిబ్బను కత్తిరించి లోపలికి నడవబోయి చూరుకి తల కొట్టుకున్నారు. అసిరమ్మ "అయ్యో" అని పరిగెత్తుకొచ్చింది. ఆయన నుదురు రుద్దుకుంటూనే ఉపన్యాసం మొదలెట్టారు. "ఎంత వినయభరితమైన వాస్తు! వంగినవాడినే తప్ప లోపలికి రానివ్వదు." చప్పట్లు కొట్టాం. శాలువా కప్పితే ఆవిడ దాన్ని మడిచి, గంప కింద తలపాగా చుట్టుకోవడానికి బాగుంటుందని ఒళ్ళో పెట్టుకుంది.

ఆయన వెంట పట్నం నుంచి మందాకిని గారని మండలి సలహాదారు వచ్చారు. గొప్పవాళ్ళ ఇళ్ళల్లో ఏ మూల ఏది పెట్టాలో చెప్పడం ఆవిడ వృత్తి. కప్పు కేసి చూసి ముందు మురిసిపోయారు, తరువాత కంగారు పడిపోయారు.

"సార్, టెక్స్చర్ అద్భుతంగా ఉంది. కానీ ప్రిజర్వేషన్ ఏదీ? ఎండబెట్టిన గడ్డికి ముగ్గురు శత్రువులు. పొగ, ఎండ, తేమ. ఇక్కడ మూడూ ఉన్నాయి!"

డైరెక్టర్ గారు నా వైపు చూశారు. నేను రాసుకున్నాను.

మొదట పొగ సంగతి చూశారు. అసిరమ్మ పొయ్యి పెరట్లోకి వెళ్ళింది. ఎండలో వండుకోవడం కష్టమే అయినా, "పోనీలే, ఇల్లు మసిబారదు," అంది. తరువాత స్ప్రే. అంత కప్పుకి డబ్బాలు చాలవు కాబట్టి పొలాలకి మందు కొట్టే పంపు తెచ్చి, పీపాల కొద్దీ కొట్టాం. వీధిలో జనం ముక్కులు మూసుకుని చూశారు. అసిరమ్మ నా చెవిలో అడిగింది, "ఇంటికి తల దువ్వుతన్నారేటి బావూ?"

మిగిలినవి ఎండ, తేమ. వీటి మీద ఆఫీసులో సమావేశం జరిగింది. వేలాడే గడ్డి తగలకుండా అందరం తలలు వంచుకుని కూర్చున్నాం.

"వర్షాకాలం సమీపిస్తోంది," అన్నారు డైరెక్టర్ గారు. "రాష్ట్రంలోకెల్లా ఉత్కృష్టమైన శుష్కతృణాలంకరణ నిరాశ్రయంగా వానకు తడవడం మండలికి తలవంపు కాదా?"

"అవును సార్. మరి, కప్పు మీద గడ్డి వానకి తడవడానికే కదా సార్ వేసేది," అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఆ రోజు వేడి ఎక్కువగా ఉంది.

"నీవు దాన్ని కప్పు అంటున్నావు. ఫైలు దాన్ని అలంకరణ అంటోంది. ఫైలు రాసింది ఎవరు?"

నేనే.

"పోనీ ఆ గడ్డిని తీసి ఇంటి లోపల భద్రపరిస్తే?" అన్నారు మండలి ఇంజనీరు.

"తీసేస్తే అది గృహోపరితల అలంకరణ ఎలా అవుతుంది? ఉన్నచోటే ఉండాలి, తడవకూడదు, ఎండకూడదు. శాశ్వత పరిష్కారం చెప్పండి."

ఉన్నచోటే ఉంటూ తడవకుండా ఉండాలంటే పైన ఇంకో కప్పు వెయ్యాలి. శాశ్వతమంటే కాంక్రీటు. తృణ సంరక్షణ పద్దు కింద స్లాబు మంజూరైంది. మనుషుల ఇళ్ళ ఫైళ్ళు ఏళ్ళ తరబడి నడుస్తాయి గానీ, గడ్డి పాడైపోయే సరుకు కాబట్టి ఈ ఫైలు పరిగెత్తింది. ఇనుము దిగింది, సిమెంటు దిగింది. అసిరమ్మ గుడిసె చుట్టూ స్తంభాలు లేచాయి, మూడు వైపులా గోడ, ముందు ఇనుప కటకటాలు, పైన మందంగా స్లాబు. గుడిసె మధ్యలో భద్రంగా, కదలకుండా ఉండిపోయింది. నాలుగు పక్కలా పెద్ద అరుగంత ఖాళీ కూడా మిగిలింది.

పని జరిగినన్నాళ్ళూ అసిరమ్మ మేస్త్రీలకి మజ్జిగ పోసింది, గోడలకి నీళ్ళు కొట్టింది.

"పథకంలో నా పేరు వచ్చీసిందేటి బావూ?" అని అడిగింది.

"నీ పేరు కాదమ్మా, గడ్డి పేరు వచ్చింది."

"ఎవుల పేరయితేనేటి? కింద తొంగునేది నాను గదా!"

నేనూ అలాగే అనుకున్నాను.

స్లాబు ఆరాక మందాకిని గారు తేమ కొలిచే యంత్రం తెచ్చి లోపలి గోడకి బిగించారు. ముల్లు ఉండవలసిన దానికన్నా పైన ఉంది. పొయ్యి లేదు, నీళ్ళకుండ లేదు. మరి తేమ ఎక్కడిది? ఆవిడ అసిరమ్మ కేసి చూశారు.

"సార్, ఈవిడ ఊపిరి తీసుకుంటున్నారు."

విచారిస్తే నిజమేనని తేలింది. మనిషి ఊపిరిలో తేమ ఉంటుందట, రాత్రంతా ఒకే చోట పడుకుని వదిలితే అది గడ్డికి పడుతుందట. మర్నాడే బోర్డు పెట్టారు. 'సంరక్షిత శుష్కతృణ ప్రాంగణము. మనుషులకు ప్రవేశము లేదు.' చాప, గిన్నెలు, చేపల గంప, శాలువా బయటికొచ్చాయి. కటకటాలకి తాళం పడింది. తాళంచెవి నాకిచ్చారు. అది జేబులో పెట్టుకుని బస్సెక్కేటప్పుడు నాకు సిగ్గేసింది.

అసిరమ్మ తిట్టలేదు. గోడ పక్కన పాత వలా టార్పాలినూ కట్టుకుని అందులో దూరింది. వీధిలో మిగతావాళ్ళ పరిస్థితీ అంతంతే. వాళ్ళ కప్పులూ చివికిపోయాయి. స్లాబు ఖర్చు చూశాక గృహోపరితల అలంకరణకి ఇక ఎవరికీ అనుమతి ఇవ్వొద్దని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. రెల్లేమో దిబ్బల మీద తలలూపుతూ ఉంది, గార్డేమో దాని పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు.

తొలకరి కురిసిన మర్నాడు అసిరమ్మ ఆఫీసుకొచ్చింది. చీర ఇంకా ఆరలేదు, దగ్గుతోంది. గడ్డి కట్టలు పాడైపోతాయని అటెండరు దూరంగా నిలబడమన్నాడు. దూరం నుంచే గట్టిగా అడిగింది.

"నన్ను కూడా గడ్డి కింద రాసీండి బావూ."

గదిలో అందరం తలలెత్తాం.

"నవ్వులాటకి కాదు. గడ్డి సుకంగా లోపల తొంగుంది. నాను బయట తడిసిపోతన్నాను. మడిసినయితే రానియ్యరు. గడ్డినయితే రానిత్తారు గదా? నన్ను కూడా గడ్డిలో కలిపీండి. నాకేటీ సిన్నతనం నేదు."

నేను రూల్సు పుస్తకం తీశాను. శుష్కతృణం అంటే ఏమిటో మొదటి పేజీలోనే ఉంది. అన్నాళ్ళూ ఎవరమూ చదవలేదు, గడ్డంటే తెలీనిదెవరికి? 'తీరప్రాంతమున సహజముగా పుట్టి, పోషణ లేకుండగనే పెరిగి, ఎండకు ఎండి, ఉప్పుగాలికి తట్టుకుని నిలిచియుండునది.' రెండుసార్లు చదివాను. అసిరమ్మ కేసి చూశాను. దీనిలో ఒక్క మాట కూడా ఆవిడకి వర్తించకుండా లేదు. నోటు పెట్టాను.

డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. "దాలినాయుడూ, ఇది మనిషి కదయ్యా?"

"నిర్వచనం ప్రకారం కాదు సార్."

ఆయన పుస్తకం తెప్పించుకుని చదివారు. ఆయన చెడ్డవాడు కాడు, రూలులో ఉంటే ఎవరికైనా మేలు చేస్తాడు. "అయితే ఊపిరి సంగతో?"

"మనుషుల ఊపిరికే నిషేధం సార్. గడ్డి స్టాకు ఊపిరి గురించి రూలు లేదు."

"ఎండబెట్టే ప్రక్రియ? తలకిందులుగా వేలాడదీయవలెనని ఉన్నదే?"

"ఇదివరకే ఎండియున్నందున అవసరం లేదని రాశాను సార్."

నిబంధనలకు లోబడి అనుమతించడమైనది అని ఆకుపచ్చ సిరాతో రాశారు. అసిరమ్మ చేతికి స్టాకు నంబరున్న రేకుబిళ్ళ కట్టాం. తలకి ఒకసారి స్ప్రే కొట్టక తప్పలేదు. ఆ విధంగా ఆ ద్రవాన్ని జుట్టుకి వాడిన దాఖలా దొరికింది, ఆడిట్ అభ్యంతరం కూడా తీరిపోయింది. నేనే వెళ్ళి తాళం తీశాను. ఆవిడ చాప పరుచుకుని, పగటిపూటే పడుకుని, నేను బస్టాపు చేరేలోపే నిద్రపోయిందని తరువాత వాళ్ళూ వీళ్ళూ చెప్పారు.

ఆ కబురు వీధంతా పాకింది. మర్నాటి నుంచి మా ఆఫీసు ముందు వరస కట్టారు. ముసలివాళ్ళు, పిల్లతల్లులు, వలలు అల్లేవాళ్ళు. "మమ్మల్ని కూడా రాసీండి." అందరూ తీరంలో పుట్టినవాళ్ళే, అందరూ ఎండినవాళ్ళే. ఎవర్ని కాదంటాం? రేకుబిళ్ళలు చాలక మళ్ళీ చేయించాం. స్టాకు పెరిగిందని డైరెక్టర్ గారికి పైనుంచి ప్రశంసాపత్రం వచ్చింది. ఇళ్ళ పథకం వాళ్ళు కూడా సంతోషించారు. దిబ్బలపాలెంలో ఇల్లు లేని మనుషులెవరూ మిగల్లేదని వాళ్ళ నివేదికలో రాసుకున్నారు.

సముద్రంలో వాయుగుండం పడింది. గాలి, వాన. అలంకరణకి ఏమైనా నష్టం జరిగిందేమో స్వయంగా చూడాలని డైరెక్టర్ గారు మధ్యాహ్నం జీపులో బయల్దేరారు, వెంట నేను. జీపు ఇసుకలో కూరుకుపోయింది. మిగతా దారి నడిచాం. ఆయన గొడుగు వెనక్కి తిరగబడి, కాడ ఆయన చేతిలోనూ గుడ్డ గాలిలోనూ మిగిలింది. ప్రాంగణం చేరేసరికి ఆయన పంట్లాం నుంచి ధారలు కారుతున్నాయి.

లోపల అంతా పొడిగా ఉంది. గుడిసె చుట్టూ చాపల మీద వీధంతా కూర్చుని ఉన్నారు. ఎవరో కథ చెబుతున్నారు, ఎవరో వల బాగుచేస్తున్నారు. మమ్మల్ని చూసి పిల్లలు చేతులెత్తి రేకుబిళ్ళలు చూపించారు.

డైరెక్టర్ గారు కటకటాలు పట్టుకుని లోపలికి అడుగు వెయ్యబోయి, బోర్డు చూసి ఆగిపోయారు. మనుషులకు ప్రవేశము లేదు.

"దాలినాయుడూ, తనిఖీ అధికారికి మినహాయింపు ఏమైనా ఉందా?"

"లేదు సార్. ముసాయిదాలో ఉంటే మీరే కొట్టేశారు."

"సరే," అన్నారు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "రూలు రూలే. ఇక్కడి నుంచే తనిఖీ చేద్దాం. తృణం పొడిగా ఉన్నట్టు రాసుకో." రాద్దామంటే కాగితం తడిసి ముద్దయిపోయింది. ఆయన అలాగే నిలబడ్డారు. ఆ నిజాయితీకి నాకు నిజంగా గౌరవం కలిగింది, ఆయన పెదవులు నీలంగా మారడం చూసి భయం కూడా వేసింది.

అసిరమ్మ లేచొచ్చింది. కటకటాల తలుపు తోసి, ఆయన మణికట్టు పట్టుకుని లోపలికి లాగేసింది. తన శాలువాతో ఆయన తల తుడిచింది. నన్నూ పిలిచింది. నేను వెళ్ళలేదు. నాకు ఇంకా సర్వీసుంది. వాన తగ్గేదాకా బయటే తడిశాను. కటకటాల్లోంచి చూస్తే ఆయన పిల్లల మధ్య చాప మీద కూర్చుని, గ్లాసులో ఏదో వేడిగా తాగుతూ కథ వింటున్నారు. మధ్యలో ఒకసారి నవ్వారు కూడా.

అంతా బాగానే జరిగిపోయేది, గోడ మీద ఆ యంత్రం లేకపోతే. ఆ రోజు మధ్యాహ్నం లోపల ఒక్కసారిగా తేమ పెరిగినట్టు అది నమోదు చేసింది. మందాకిని గారు పట్టుకున్నారు. కారణం తెలపాలి. డైరెక్టర్ గారు తన సంతకంతోనే మెమో జారీ చేశారు. 'స్టాకు నంబరు లేని ఒక తడిసిన వ్యక్తిని సంరక్షిత ప్రాంగణములోనికి అనుమతించినది ఎవరు? ఎందువలన? వివరణ ఇవ్వవలెను.'

"సార్, ఆ వ్యక్తి..." అన్నాను.

"ఎవరైనా సరే," అన్నారు. నా మొహం కేసి మాత్రం చూడలేదు.

మెమో పట్టుకుని దిబ్బలపాలెం వెళ్ళాను. ఎండ కాసింది. అసిరమ్మ ఇసుక మీద పరిచిన చేపల్ని తిరగేస్తోంది. మెమో చదివి వినిపించాను. ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. తప్పు చేశానేమోనని నిజంగానే కంగారు పడింది.

"సిక్ష ఏటైనా ఏత్తారేటి బావూ? బిళ్ళ లాగీసుకుంటారా?"

"అదేం లేదు. ఎందుకు రానిచ్చావో చెబితే చాలు."

"వోనలో అలగ తడిసిపోయి వొణుకుతంటే, మడిసనుకున్నాను బావూ. తప్పయిపోనాది. రాసీ."

అక్షరం పొల్లుపోకుండా రాసి, వేలిముద్ర వేయించి, ఫైలు పెట్టాను. డైరెక్టర్ గారు అది చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ చదివారు, మళ్ళీ తుడుచుకున్నారు. తరువాత ఆకుపచ్చ సిరా కలం తీసి కింద రాశారు:

'వివరణ అంగీకరించడమైనది. ఇకమీదట ఇటువంటి పొరపాటు జరగరాదు.'